‘ఏరా’ అన్న మాటకి మూడు నెలలు: పోలీసు మీద ఫిర్యాదు, మీడియేషన్ – నా అనుభవం

తేదీలు, కాగితాలు మరిచిపోకముందే రాస్తున్నాను. నాన్నా నేనూ తిరిగిన దారిలో ఇంకెవరికైనా తిరగాల్సి వస్తే కనీసం రెండు ట్రిప్పులైనా తగ్గుతాయని. స్టేషన్ పేరు, మనుషుల పేర్లు రాయను. రాయకూడదని మీడియేషన్‌లో, అంటే మధ్యవర్తి ముందు రెండు వైపులా కూర్చుని మాట్లాడుకుని, కుదుర్చుకున్న ఒప్పందంలోనే ఉంది. కోనసీమలో ఒక స్టేషన్ అనుకోండి.

2025 జూన్ 10 రాత్రి కాలవ గట్టు పక్కనున్న మా కొబ్బరి తోటలో 5 హెచ్‌పీ మోటారు పోయింది. స్టార్టరు పెట్టె వదిలేసి, బోల్టులు విప్పి మోటారు ఒక్కటీ పట్టుకుపోయారు. 11న నాన్న స్టేషన్‌కి వెళ్తే ఎస్సై గారు లేరు, రేపు రమ్మన్నారు. 12న పొద్దున్న పదింటికి వెళ్లి మధ్యాహ్నం మూడింటిదాకా వరండాలో నిలబడే ఉన్నారు. ఆయనకి 63 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. మూడోసారి లోపలికి తొంగి చూసేసరికి రైటర్ (స్టేషన్లో రాతపని చూసే పోలీసు) బల్ల దగ్గరున్న హెడ్ కానిస్టేబుల్, “ఏరా, ఒకసారి చెప్తే అర్థం కాదా, నీ మోటారు కోసం స్టేషన్ మూసుకుని తిరగాలా” అన్నాడు. కాగితం తీసుకుని బల్ల మీద పడేశాడు. రసీదు ఇవ్వలేదు.

మా వైపు మాట చివర ‘అండి’ లేకుండా బయటివాళ్లతో మాట్లాడటం నాన్నకి చేతకాదు. ఆ హెడ్డుకి కూడా “ఆయ్, అలాగేనండి” అనే చెప్పి బయటికొచ్చారు. ఇంటికొచ్చాక అన్నం తినలేదు, మోటారు ఊసెత్తలేదు. రాత్రి పడుకోబోయే ముందు ఒక్క మాటే అన్నారు: “పిల్లలందరి ముందూ ఏరా అన్నాడమ్మా.” వరండాలో మా వీధి కుర్రాళ్లు ఇద్దరు ఏదో బైకు కాగితాల కోసం వచ్చి ఉన్నారట.

ఇక్కడే మొదటి సంగతి. మనకి జరిగినవి రెండు, వాటికి దారులూ రెండు. దొంగతనం కేసు కట్టకపోవడం ఒకటి. దానికి చట్టంలో సెక్షన్ ఉంది, పై అధికారి ఉన్నాడు, మేజిస్ట్రేటు ఉన్నాడు. మాట తీరు రెండోది. దానికి ఏ సెక్షనూ సరిగ్గా అతకదు. రెంటినీ ఒకే అర్జీలో కలిపి రాస్తే, మోటారు కేసు కట్టి మొత్తానికి ‘పరిష్కరించడమైనది’ అని రాసేస్తారు. నేను మొదట రాసింది అలాంటి అర్జీయే. టైపు చేసిన కుర్రాడే ఆపి, “అక్కా, రెండు చెయ్యండి” అన్నాడు. అతను అలాంటివి చాలా చూశాట్ట.

మాట తీరు మీద అర్జీ ఒక్క పేజీ దాటకూడదు. తేదీ, ఎన్నింటికి వెళ్లారు, ఎన్నింటికి వచ్చారు, ఏ బల్ల దగ్గర, అన్న మాట అన్నట్టుగా కొటేషన్లలో, అక్కడ ఇంకెవరున్నారు. అంతే. ‘అమానుషంగా’, ‘దౌర్జన్యంగా’ లాంటివి నేను నాలుగు రాశాను, నాలుగూ కొట్టేశాం. విశేషణం ఉంటే అవతలివాళ్లు దానికే జవాబు చెప్తారు, జరిగినదానికి చెప్పరు.

చివర్లో ఒక వాక్యం తప్పకుండా పెట్టండి: ‘ఫలానా తేదీ ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3 వరకు వరండా, రైటర్ గది కెమెరాల రికార్డింగు భద్రపరచవలసిందిగా కోరుతున్నాను.’ స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని, రికార్డింగు 18 నెలలు ఉంచాలని, అంత సామర్థ్యం లేనిచోట కూడా ఏడాదికి తగ్గకూడదని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మాకు ఆ ఫుటేజీ చూపించాల్సిన అవసరమే రాలేదు. కానీ ఆ వాక్యం ఉన్నందువల్ల ‘అసలా రోజు ఆయన రానేలేదు’ అనే మాట ఎవరూ ఎత్తలేదని నా నమ్మకం.

జూన్ 16 సోమవారం జిల్లా ఎస్పీ ఆఫీసులో అర్జీల రోజు. ఆధార్ జిరాక్సు, అర్జీలు రెండేసి కాపీలు, ఫోన్ నంబరు. తొమ్మిదింటికి వెళ్తే పన్నెండూ నలభైకి పిలిచారు. కౌంటర్లో ఆన్‌లైన్ ఎక్కించి నంబరున్న రసీదు ఇచ్చారు. రెండు అర్జీలకి రెండు నంబర్లు అడిగి తీసుకోండి. లోపల రెండు నిమిషాలు. మర్యాదగానే విన్నారు, డీఎస్పీకి ఎండార్స్ చేశారు. సాయంత్రానికి మెసేజ్ వచ్చింది. పని అయిపోయినట్టే అనిపించింది.

జూన్ 24న ఫోను. ఎక్కడి నుంచి? ఎవరి మీద అర్జీ పెట్టామో ఆ స్టేషన్ నుంచే. నాన్న ముఖం పాలిపోయింది. ఇది మాకు మాత్రమే జరిగింది కాదు. అర్జీ పైనుంచి డీఎస్పీకి, అక్కడి నుంచి సీఐకి, సీఐ నుంచి ఆ పరిధిలోని ఎస్సైకి దిగుతుంది. ప్రతి బల్ల దగ్గరా ‘తగు చర్య నిమిత్తం’ అని కింది బల్లకి పంపుతారు. ఎవరి మీదన్నది చదివే ఓపిక ఎవరికీ ఉండదు. వెళ్తే ముందే రాసిపెట్టిన కాగితం ఒకటి ముందు పెట్టారు: ‘నా సమస్య పరిష్కారమైనది, ఇకమీదట ఎటువంటి ఫిర్యాదు లేదు.’ సంతకం పెడితే మోటారు కేసు రేపే కడతామన్నారు.

ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. కోపంగా లేచి కూడా రాకండి. ఖాళీ కాగితం అడగండి. మేము అడిగి ఇలా రాశాం: ‘ఈ రోజు పిలిస్తే వచ్చాను. దొంగతనంపై ఎఫ్‌ఐఆర్ ఇంకా నమోదు కాలేదు. మాట తీరుపై విచారణ వేరే స్టేషన్ అధికారితో చేయించమని కోరుతున్నాను.’ తేదీ, టైము, సంతకం. ఫోన్లో ఫోటో తీసుకుని ఇచ్చాం. అయినా 26న ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని మెసేజ్ వచ్చింది! తర్వాత సోమవారం మళ్లీ వెళ్లే ఓపిక లేక, మావయ్య కొడుకుతో ఆ ఫోటో, మెసేజ్ ప్రింటు పంపించి తిరిగి తెరిపించాం.

ఈ లోపు జూన్ 25న మోటారు కేసు కోసం ఎస్పీకి స్పీడ్ పోస్టు పంపాం. స్టేషన్లో కేసు కట్టకపోతే విషయం రాసి పోస్టులో ఎస్పీకి పంపే హక్కు సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 173(4)లో ఉంది. ఆయనా పట్టించుకోకపోతే అదే సెక్షన్ కింద మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు. జూలై 1న ఎఫ్‌ఐఆర్ అయింది. కాపీ ఉచితంగా ఇవ్వాలని 173(2). అడిగితే ఇచ్చారు. ఈ ఎఫ్‌ఐఆర్ మీడియేషన్‌కి ముందే చేతికి రావడం ఎంత మేలు చేసిందో తర్వాత అర్థమైంది. చేతిలో అది లేకుండా రాజీకి కూర్చుంటే, మనకి హక్కుగా రావాల్సిందాన్నే మనకి ఇచ్చే బహుమతిలా బల్ల మీద పెడతారు.

జూలై మొదటి వారంలో ఊళ్లో పెద్దమనిషి ఒకాయన ఫోన్ చేశారు. “ఎందుకండీ ఈ తిరుగుడు, స్టేషన్లో కూర్చుని టీ తాగి మాట్లాడేసుకుందాం.” మంచి ఉద్దేశమే కావచ్చు. కానీ అది మీడియేషన్ కాదు. అక్కడ కుర్చీలు వాళ్లవి, మధ్యలో కూర్చునే మనిషికి రేపు వాళ్లతో పని ఉంటుంది, కుదిరినదానికి కాగితం ఉండదు. “వస్తానండి, ముందు నోటీసు పని చూసుకుని” అని నాన్న మర్యాదగా తప్పుకున్నారు.

నోటీసు అంటే న్యాయ సేవాధికార సంస్థ నుంచి వెళ్లేది. అమెరికాలో న్యూయార్క్, డెన్వర్ లాంటి నగరాల్లో పోలీసుల మీద ఫిర్యాదుల కోసమే ప్రత్యేకంగా మీడియేషన్ విభాగాలు ఉన్నాయి. మనకి అలాంటిది లేదు. ఉన్న తలుపు 1987 నాటి న్యాయ సేవల చట్టం. జూన్ 27న మా కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవల కమిటీ ఆఫీసుకి వెళ్లాం. అక్కడ ‘పోలీసుల మీద కేసు పెట్టాలండి’ అంటే మళ్లీ ఎస్పీ ఆఫీసు దారే చూపిస్తారు. ‘ప్రీ లిటిగేషన్ పిటిషన్ (కోర్టులో కేసు వేయకముందే పెట్టుకునే అర్జీ) వేస్తాం, మీడియేషన్ కావాలి’ అని చెప్పాలి. ఫీజు లేదు, స్టాంపు లేదు, వకీలు తప్పనిసరి కాదు. ఫోన్లో అడగాలంటే 15100.

పారాలీగల్ వాలంటీరు (ఆ కమిటీ తరఫున జనానికి సాయం చేసేవారు) ఒకావిడ గంటన్నర కూర్చుని రాయించారు. ప్రతివాదులుగా ఎవరిని పెట్టాలన్నది ఆవిడ దిద్దిన ముఖ్యమైన తప్పు. నేను ఎస్పీ గారిని కూడా రాశాను. ఆవిడ ఆ పేరు తీసేయించి, హెడ్ కానిస్టేబుల్, స్టేషన్ హౌస్ ఆఫీసర్, డీఎస్పీ, ముగ్గురినీ హోదాలతోనే రాయించారు. మాట అన్న మనిషీ రావాలి, ‘సరే’ అనగలిగే మనిషీ రావాలి. ఇద్దరిలో ఎవరు లేకపోయినా కూర్చోవడం వృథా.

ఆ వృథా మాకు రెండుసార్లు జరిగింది. మొదటి తేదీ జూలై 15. ఎవరూ రాలేదు. నోటీసు స్టేషన్ టపాలో పడింది, అందరూ బందోబస్తుకి పోయారు. రెండోది జూలై 29. ఒక కానిస్టేబుల్ కుర్రాడు ‘హాజరు కాగలవాడను’ అన్న చీటీ పట్టుకుని వచ్చాడు. మీడియేటర్ ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, “నువ్వు ఒప్పుకుంటే చెల్లుతుందా నాయనా” అని అడిగి పంపేశారు. పైగా జూలై 1 నుంచి కోర్టు కేసుల కోసం దేశమంతా మూడు నెలల మీడియేషన్ డ్రైవ్ నడిచింది, మీడియేటర్లకి ఖాళీ ఉండేది కాదు. తేదీకీ తేదీకీ మధ్య రెండు వారాలు. మూడోసారి నోటీసు కాపీ డీఎస్పీ ఆఫీసులో మేమే చేత్తో ఇచ్చి, సీలు వేయించుకున్నాం. అది మొదటిసారే చేసి ఉంటే నెల కలిసొచ్చేది.

ఆ నెలలో నాన్న రెండుసార్లు “వదిలేద్దామమ్మా” అన్నారు. రోజూ స్టేషన్ ముందు నుంచే పొలానికి వెళ్లాలి. సైకిల్ దిగి నడిపించుకుంటూ వెనక వీధిలోంచి వెళ్లడం మొదలెట్టారు. అది చూశాక నాకు వదలాలనిపించలేదు.

వాలంటీరుగారు మాకు ఒక పని చెప్పారు. తెల్లకాగితం మీద మూడు విషయాలు ఎవరి చేత్తో వాళ్లే రాసుకు రావాలి: ఏం జరిగింది, దానివల్ల ఏమైంది, ఏమిస్తే చాలు. మొదటి రెండూ నాన్న ఒక్క పూటలో రాశారు. మూడోదానికి నాలుగు రోజులు పట్టింది. ‘సస్పెండ్ చేయాలి’ అని రాసి కొట్టేశారు. కింద ‘ట్రాన్స్‌ఫర్’. అదీ కొట్టేశారు. నాలుగో రోజు పొద్దున్న చూస్తే ఆ రెండు కొట్టివేతల కింద చిన్న అక్షరాలతో ‘“మీరు” అనాలి’ అని ఉంది. ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లోనే పెట్టాను.

ఆగస్టు 12. సీఐ గారు, హెడ్ కానిస్టేబుల్ ఇద్దరూ వచ్చారు. సీఐ గారి దగ్గర డీఎస్పీ ఇచ్చిన అధికార పత్రం ఉంది, మీడియేటర్ మొదట అడిగింది అదే. గుండ్రటి బల్ల, అయిదు ఒకే రకం కుర్చీలు. ఫోన్లు కట్టేసి బుట్టలో వేశాం. మీడియేటర్ వకీలే, 40 గంటల శిక్షణ తీసుకున్నవారు. తీర్పు చెప్పరు, ఎవరిది తప్పో అనరు. ముందు అందరం కలిసి, తర్వాత విడివిడిగా, మళ్లీ కలిసి. పదకొండూ ఇరవైకి మొదలై రెండూ అయిదుకి అయింది. నాన్నతో విడిగా 35 నిమిషాలు, వాళ్లతో 50 నిమిషాలు. వాళ్లతో ఎక్కువసేపు ఉంటే కంగారు పడకండి, ఎక్కువ కదలాల్సింది అటువైపేమో.

లోపల ఎవరు ఏమన్నారో రాయను. ఎవరూ చెప్పకూడదు. 2023 మీడియేషన్ చట్టం కూడా లోపలి మాటలు, ఒప్పుకోళ్లు, క్షమాపణలు గోప్యం అంటుంది. మొదట్లో ఈ గోప్యత మాకు అన్యాయంగా తోచింది. నలుగురి ముందు అని, నాలుగ్గోడల మధ్య సర్దుకోవడమేమిటని. కానీ ఇది పనిచేసేది అందువల్లే. శాఖాపరమైన విచారణలో ‘అవును, అన్నాను’ అంటే ఛార్జ్ మెమో, సర్వీసు రిజిస్టరులో ఎంట్రీ, ఇంక్రిమెంటు పోవడం. కాబట్టి అన్నవాడెవడూ అన్నానని చెప్పడు. సాక్షులూ చెప్పరు. ఆర్నెల్ల తర్వాత ‘ఆరోపణ రుజువు కాలేదు’ అని వస్తుంది. ఒప్పుకుంటే ఉద్యోగానికి దెబ్బ తగలని గది ఒకటి ఉంటేనే మనిషి నోరు విప్పుతాడు. నాన్నకి కావలసింది ఆ నోటి మాట గనక మేము ఈ దారి పట్టాం. శిక్షే కావాలనుకునేవాళ్లకి ఇది దారి కాదు, అందులో తప్పూ లేదు.

కాగితం మీదికి వచ్చినవి చెప్పొచ్చు, పేర్లు లేకుండా చెప్పుకోవచ్చని ఒక వాక్యం మేము అడిగి పెట్టించాం. మీరూ పెట్టించండి. ఎఫ్‌ఐఆర్‌కీ ఈ ఒప్పందానికీ సంబంధం లేదని మొదటి వాక్యమే. జూన్ 12న మాట్లాడిన తీరుకి విచారం. ఇకమీదట స్టేషన్‌కి అర్జీ ఇచ్చిన ప్రతివాళ్లకీ జనరల్ డైరీ (జీడీ, స్టేషన్లో రోజువారీ సంగతులు రాసే పుస్తకం) నంబరు, టైము వేసిన రసీదు. అర్జీదారులందరినీ ‘మీరు’ అని పిలవడం. వరండాలో కూర్చోవడానికి బల్లలు, నెల రోజుల్లో. మాట తీరు విషయంలో మేము శాఖాపరమైన చర్య కోరం, కానీ మళ్లీ జరిగితే పాత అర్జీ కూడా తిరిగి ఎత్తుకోవచ్చు. ఇవన్నీ ‘ఆ హోదాలో ఉన్న అధికారి’ అని రాయించడం ముఖ్యం. పేరు మీద రాస్తే బదిలీతో పోతుంది.

బల్లల గడువు దగ్గర ఒక పొరపాటు జరగబోయింది. ముసాయిదాలో ‘వీలైనంత త్వరగా’ అని ఉంది. అలాంటి మాట కనిపిస్తే తేదీ అడగండి. సెప్టెంబరు 12 అని వేయించాం. మధ్యలో వినాయక చవితి బందోబస్తు ఉన్నా 10వ తేదీకి రెండు సిమెంటు బల్లలు వచ్చాయి.

కుదిరిన కాగితాన్ని సెప్టెంబరు 13 జాతీయ లోక్ అదాలత్‌లో బెంచి ముందు పెట్టి అవార్డు తీసుకున్నాం. లోక్ అదాలత్ అవార్డుకి సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. అందుకే సంతకానికి ముందు ప్రతి వాక్యం రెండుసార్లు చదవండి, తెలుగులోనే రాయమని అడగండి.

ఖర్చు: టైపింగు 150, జిరాక్సులు 60, స్పీడ్ పోస్టు 50 లోపు, ఆరు ట్రిప్పులకి బస్సు, ఆటో కలిపి 1,150. మొత్తం 1,400 పైచిలుకు. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం కాబట్టి ఆఖరి ట్రిప్పుకి నాకు టికెట్ లేదు. నాన్నకి పోయిన పని రోజులకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు, అడిగే వీలూ కనపడలేదు. ఈ పద్ధతిలో నాకు నచ్చనిది అదే.

ఒకటి గట్టిగా చెప్పాలి. చెయ్యి చేసుకుంటే, లాకప్‌లో పెడితే, డబ్బులడిగితే, కులం పేరుతో తిడితే, ఆడపిల్లతో తప్పుగా ప్రవర్తిస్తే మీడియేషన్ మాట ఎవరు ఎత్తినా ఒప్పుకోకండి. రాజీకి వీల్లేని నేరాలు లోక్ అదాలత్‌కి కూడా పోవు. అప్పుడు ముందు ఆసుపత్రి కాగితం, తర్వాత ఎస్పీ, మేజిస్ట్రేటు, మానవ హక్కుల కమిషన్. కమిషన్‌కి వెళ్లాలంటే జరిగిన ఏడాదిలోపే వెళ్లాలి.

దర్యాప్తు ఎంతవరకొచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకి తెలియజేయాలి. జూలై 1 నుంచి లెక్కేస్తే సెప్టెంబరు 29. ఏ కబురూ రాలేదు. 30న నాన్న ఒక్కరే వెళ్లారు, నన్ను రావద్దన్నారు. రైటర్ బల్ల దగ్గర ఆయనే ఉన్నాడట. తలెత్తి చూసి, లేచి, కుర్చీ ఇటు జరిపి “కూర్చోండి” అన్నాడట. ఇద్దరికీ కాసేపు మాట రాలేదట. తర్వాత కేసు డైరీ చూసి, ఇనప సామాన్ల కొట్లు రెండు తనిఖీ చేశామని, ఏమీ దొరకలేదని చెప్పి, అడగకుండానే రసీదు రాశాడు.

ఆ రసీదు నాన్న జేబులోంచి తీసి నాకిచ్చారు. నీలం సిరా, జీడీ నంబరు, 11.15. నాన్న పేరు ముందు ‘శ్రీ’ ఉంది. మోటారు ఇంకా దొరకలేదు. ఆయన మళ్లీ ముందు వీధిలోంచే తోటకి వెళ్తున్నారు.